సిరలో గొట్టం: ఒక చికిత్స చరిత్ర, దాని చిక్కులు, మన జిల్లాల రికార్డులు

గత భాగంలో మీరు కరువులు, అంటువ్యాధులు, వలస పాలన నాటి ప్రజారోగ్య వ్యవస్థ గురించి చదివారు. ఈ భాగంలో ఒక చిన్న వస్తువు చరిత్రను పరిశీలిద్దాం. అది 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుండే మెత్తని ప్లాస్టిక్ గొట్టం. వైద్యులు దాన్ని సెంట్రల్ వీనస్ క్యాథెటర్ అంటారు. ఐసీయూ నర్సులు, రోగి బంధువులు సెంట్రల్ లైన్ అంటారు. దాన్ని మెడ పక్కన ఉన్న సిరలోనో, కాలర్ బోన్ కింద ఉన్న సిరలోనో, గజ్జలో ఉన్న సిరలోనో గుచ్చి లోపలికి పంపుతారు. మెడ నుంచి వేస్తే గొట్టం కొస గుండెకు కాస్త పైన, ఊర్ధ్వ మహాసిరలో ఆగుతుంది.

చరిత్ర పాఠంలో దీనికేం పని అని మీరు అడగవచ్చు. కర్నూలు, కడప జిల్లాల్లో పాము కరిచిన రైతు, పురుగుమందు తాగిన కూలీ, మూత్రపిండాలు దెబ్బతిన్న రోగి ఐసీయూకు చేరితే వారిలో చాలామంది ప్రాణం ఈ గొట్టం మీద ఆధారపడుతుంది. కొందరి ప్రాణం ఈ గొట్టం వల్లనే పోతుంది. ఆ రెండో సంగతి ఎప్పటి నుంచి, ఎవరు, ఎలా రాయడం మొదలుపెట్టారన్నదే మన ప్రశ్న. జబ్బుకు చరిత్ర ఉన్నట్టే, చికిత్స వల్ల కలిగే హానికీ చరిత్ర ఉంటుంది. మన పాఠ్యగ్రంథాలు దాన్ని సాధారణంగా పట్టించుకోవు.

గొట్టం ఎక్కడి నుంచి వచ్చింది

సిరలోకి నేరుగా ద్రవం ఎక్కించే ఆలోచనకు ఊపిరి పోసింది కలరా. 1817లో బెంగాల్ నుంచి బయలుదేరిన ఆ వ్యాధి 1831 నాటికి బ్రిటన్ చేరింది. విలియం ఓషానెసీ అనే యువ వైద్యుడు రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరు, లవణాలు తగ్గిపోయాయని చెప్పాడు. ఆ తర్వాత ఆయన భారతదేశానికి వచ్చి కలకత్తా వైద్య కళాశాలలో పనిచేశాడు, దేశంలో తంతి తీగలు వేయించినవాడూ ఆయనే. ఆయన మాట ఆధారంగా 1832లో స్కాట్లాండ్‌లోని లీత్ పట్టణ వైద్యుడు థామస్ లాటా ఒక వృద్ధురాలి సిరలోకి ఉప్పునీరు ఎక్కించాడు. చావు అంచున ఉన్న మనిషి లేచి మాట్లాడింది. లాటా ఆమెను మరొకరికి అప్పగించి వెళ్లాడు. విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి, మళ్లీ ద్రవం ఎక్కించినవారు లేరు, కొన్ని గంటల్లో ఆమె చనిపోయింది. లాటా ఈ సంగతిని దాచకుండా లాన్సెట్ పత్రికకు రాశాడు. గెలుపును, ఓటమిని ఒకే ఉత్తరంలో రాసిన వైద్యులు ఆ కాలంలో అరుదు. అందుకే ఆయన పేరు మీరు గుర్తుపెట్టుకోవాలి.

శుభ్రపరచని నీరు, శుభ్రపరచని గొట్టాలు వాడిన రోజులవి. ద్రవం ఎక్కించిన రోగుల్లో ఎక్కువమంది చనిపోయారు. చికిత్స మరుగున పడింది. 1877లో కరువుతో పాటు కలరా మద్రాసు రాజధానిని ఊడ్చేసినప్పుడు, లాటా ఉత్తరం అచ్చయి 45 ఏళ్లు గడిచాయి. అయినా ఆ చికిత్స రోగులకు అందే స్థితి లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ గాఢమైన ఉప్పునీటిని సిరలోకి ఎక్కించి కలరా మరణాలను దాదాపు సగానికి తగ్గించాకే అది మళ్లీ నిలబడింది.

ఇదంతా చేతి సిర, కాలి సిర కథ. గుండె దాకా గొట్టం పంపవచ్చని చూపినవాడు వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డ్ ఆసుపత్రిలో పనిచేస్తున్న ఈ పాతికేళ్ల వైద్యుడు, పై అధికారి వద్దన్నా వినకుండా, మూత్రనాళానికి వాడే సన్నని గొట్టాన్ని తన మోచేతి సిరలోంచి 65 సెంటీమీటర్లు లోపలికి నెట్టుకున్నాడు. మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి, గొట్టం కొస గుండె కుడి కర్ణికలో ఉందని ఫోటో తీయించాడు. మందు నేరుగా గుండె దగ్గరికి చేర్చాలన్నది ఆయన ఉద్దేశం. తోటివారు మెచ్చుకోలేదు. ఆయన గుండె వైద్యం వదిలి మూత్రకోశ వైద్యుడయ్యాడు, నాజీ పార్టీలోనూ చేరాడు. 1956లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. కర్నూలు వైద్య కళాశాల మొదలైంది కూడా 1956లోనే. ఈ రెండు తేదీల మధ్య కార్యకారణ సంబంధమేమీ లేదు. మీకు రెండూ సులువుగా గుర్తుండటానికి మాత్రమే చెబుతున్నాను.

మధ్యలో మూడు సంగతులు జరిగాయి. 1952లో ఫ్రెంచి వైద్యుడు రాబర్ట్ ఓబానియాక్ కాలర్ బోన్ కింది సిరను సూదితో అందుకోవచ్చని రాశాడు. 1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ ఒక ఉపాయం చెప్పాడు. ముందు సూది గుచ్చాలి, సూదిలోంచి సన్నని తీగ పంపాలి, సూది తీసేసి తీగ మీదుగా గొట్టం జార్చాలి, చివరికి తీగ లాగేయాలి. ఆయన దాన్ని ధమనుల ఎక్స్‌రే కోసం కనిపెట్టాడు, ఇవాళ ప్రతి సెంట్రల్ లైనూ ఆ పద్ధతిలోనే వేస్తారు. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ ఊపిరి అందని రోగులను ఒకచోట చేర్చి రాత్రింబవళ్లు కాపలా పెట్టించాడు. మరుసటి సంవత్సరం ఏర్పడిన ఆ గదే మనమనే ఐసీయూకు పూర్వరూపం. గొట్టం, గుచ్చే పద్ధతి, గది మూడూ రెండేళ్ల వ్యవధిలో సిద్ధమయ్యాయి. 1968లో అమెరికాలో స్టాన్లీ డడ్రిక్ నోటితో తినలేని శిశువుకు పూర్తి ఆహారాన్ని ఈ దారినే అందించి పెంచవచ్చని చూపాక, గొట్టం గంటల తరబడి కాక వారాల తరబడి ఒంట్లో ఉండటం మొదలైంది. అసలు చిక్కులు బయటపడింది కూడా అప్పుడే.

చిక్కులు ఎలాంటివి

ఐసీయూలో ఈ గొట్టం ఎందుకు తప్పదో ముందు తెలుసుకోండి. రక్తపోటు పడిపోయిన రోగికి ఇచ్చే నోర్‌ఎపినెఫ్రిన్ లాంటి మందు చేతి మీది చిన్న సిరలోంచి బయటికి కారితే చుట్టూ ఉన్న కండ నల్లబడి చచ్చిపోతుంది. పెద్ద సిరలో రక్త ప్రవాహం ఎక్కువ కాబట్టి మందు వెంటనే పలుచబడుతుంది. పురుగుమందు తాగినవారికి ఇచ్చే అట్రోపిన్‌ను చేతి సిరలోనే ఇవ్వవచ్చు. కానీ రక్తపోటు నిలవక, రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉండాల్సి వస్తే సెంట్రల్ లైన్ పడుతుంది.

గుచ్చేటప్పుడు జరిగే ప్రమాదాలు ఒక రకం. కాలర్ బోన్ కింద గుచ్చేటప్పుడు సూది ఊపిరితిత్తికి తగిలితే గాలి ఛాతీలోకి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. మెడలో, గజ్జలో సిర పక్కనే ధమని ఉంటుంది. సూది దానికి తగిలితే రక్తం చిమ్ముతుంది. తీగ లోపలికి ఎక్కువగా వెళితే గుండె లయ తప్పుతుంది. తీగను తీయడం మరచిపోయిన సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గొట్టం తీసేటప్పుడు రోగి కూర్చుని ఉంటే, ఊపిరి పీల్చిన క్షణంలో ఆ రంధ్రం గుండా గాలి సిరలోకి చేరి ప్రాణం తీయవచ్చు. అందుకే రోగిని పడుకోబెట్టి తీస్తారు. గొట్టం చుట్టూ రక్తం గడ్డకట్టడం ఇంకో చిక్కు. చేయో కాలో వాస్తుంది, ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరినా ఆశ్చర్యం లేదు.

గుచ్చిన తర్వాత నెమ్మదిగా వచ్చేది ఇన్ఫెక్షన్. చెరువు మెట్ల మీద పాకుడు పట్టడం మీరు చూసే ఉంటారు. సూక్ష్మజీవులు గొట్టం గోడల మీద అలాగే ఒక జిగట పొరను అల్లుకుంటాయి. కొన్ని చర్మం మీది నుంచి గొట్టం వెంబడి లోపలికి పాకుతాయి, కొన్ని మందు ఎక్కించే మూతి దగ్గర నర్సు చేతి నుంచో డాక్టరు చేతి నుంచో చేరతాయి. ఆ పొర లోపల దాగిన సూక్ష్మజీవులను యాంటీబయాటిక్ సరిగా అందుకోలేదు. చలి, వణుకు, జ్వరం, రక్తపోటు పడిపోవడం వరుసగా వస్తాయి. చాలా సందర్భాల్లో గొట్టం తీయడమే మందు.

ఇక మన ప్రాంతపు ప్రత్యేక సమస్యకు వద్దాం. శనక్కాయ చేలల్లో, కళ్లాల దగ్గర రక్తపింజరి కరిచిన మనిషికి రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. దాన్ని కనిపెట్టేందుకు వాడే పరీక్ష చాలా చవకైనది. కొద్దిగా రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే విషం పని చేస్తోందని అర్థం. ఇలాంటి రోగికి మూత్రపిండాలు కూడా ఆగిపోతే డయాలసిస్ కోసం ఇంకా లావు గొట్టం వేయాలి. ఎక్కడ వేయాలి? కాలర్ బోన్ కింద ధమని తెగితే ఎముక అడ్డం ఉంటుంది, పైనుంచి చేత్తో అదిమి రక్తం ఆపలేం. గజ్జలో అయితే అదిమిపట్టవచ్చు. కానీ ఇన్ఫెక్షన్ నివారణ నియమాలు గజ్జను వీలైనంత వదిలేయమంటాయి. ఫ్రాన్స్‌లో జరిగిన ఒక పెద్ద పరిశోధన 2015లో ఈ తూకాన్ని స్పష్టంగా చూపింది. కాలర్ బోన్ కింద వేస్తే ఇన్ఫెక్షన్, రక్తపు గడ్డ తక్కువ, ఊపిరితిత్తి గాయపడటం ఎక్కువ. పాము కరిచిన రోగి పక్కన నిలబడ్డ డాక్టరు ఒక ప్రమాదాన్ని తప్పించడానికి మరో ప్రమాదాన్ని ఎంచుకుంటున్నాడు. ఆ తర్వాత ఇన్ఫెక్షన్ వస్తే దాన్ని నిర్లక్ష్యం అని ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం. దాన్ని విధి అనడం కూడా అంతే అన్యాయం.

సందేహమున్న చోట అల్ట్రాసౌండ్‌తో సిరను చూస్తూ గుచ్చడం ఇటీవలి మార్పు. బ్రిటన్‌లో 2002లోనే దాన్ని సిఫారసు చేశారు. యంత్రం ఉన్న ఆసుపత్రికీ లేని ఆసుపత్రికీ మధ్య తేడా ఇక్కడ నేరుగా రోగి ఒంటి మీద కనిపిస్తుంది.

విధి నుంచి లెక్కకు

చాలాకాలం పాటు లైన్ ఇన్ఫెక్షన్‌ను ఐసీయూలో ఉండటానికి చెల్లించక తప్పని మూల్యంగా చూశారు. ఆ దృష్టి మారడానికి ముందు దాన్ని గుర్తించే కొలత కావాలి. 1977లో డెన్నిస్ మాకీ బృందం తీసిన గొట్టం ముక్కను ప్రయోగశాల పళ్లెం మీద దొర్లించి, 15 లేదా అంతకన్నా ఎక్కువ సూక్ష్మజీవుల గుంపులు పెరిగితే గొట్టం మీద స్థావరం ఏర్పడినట్టు లెక్కించే పద్ధతి చెప్పింది. రెండో కొలత లైన్-రోజు. ఒక ఐసీయూలో పదిమందికి ఐదేసి రోజులు లైన్ ఉంటే అవి 50 లైన్-రోజులు. ఇన్ఫెక్షన్లను వెయ్యి లైన్-రోజులకు లెక్కకడతారు. ఇన్ని ఇన్ఫెక్షన్లు వచ్చాయంటే సరిపోదు, ఎన్ని లైన్-రోజుల్లో వచ్చాయో తెలియాలి. జనాభా చెప్పకుండా మరణాల సంఖ్య చెబితే మీరు ఒప్పుకుంటారా? ఇదీ అంతే.

2006 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం నుంచి వచ్చిన పరిశోధన ఈ చరిత్రలో మలుపు. పీటర్ ప్రొనొవోస్ట్ బృందం 103 ఐసీయూల్లో ఐదు పనులు తప్పక చేయించింది. చేతులు కడుక్కోవడం, లైన్ వేసేటప్పుడు రోగిని నిండుగా కప్పి డాక్టరు గౌను, గ్లౌజులు, టోపీ, మాస్క్ వేసుకోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయడం, వీలైతే గజ్జను వదలడం, అవసరం తీరిన లైన్‌ను వెంటనే తీసేయడం. వీటిలో కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. సగటు రేటు వెయ్యి లైన్-రోజులకు 7.7 నుంచి ఏడాదిన్నరలో 1.4కు దిగింది. నా దృష్టిలో ఆ పథకంలో అన్నిటికన్నా పెద్ద మార్పు, ఏదైనా మెట్టు తప్పితే డాక్టరును ఆపే అధికారం నర్సుకు ఇవ్వడం. ఆసుపత్రిలోని పెద్ద చిన్న అంతరాలను తాకకుండా చేతులు కడిగించడం సాధ్యం కాలేదన్నమాట. సామాజిక చరిత్ర విద్యార్థులుగా మీరు ఆగి చూడాల్సింది ఇక్కడే.

మన దేశపు అంకెలు చూడండి. ఏడు భారతీయ నగరాల ఐసీయూల నుంచి 2007లో వచ్చిన నివేదిక వెయ్యి లైన్-రోజులకు 7.92 ఇన్ఫెక్షన్లు చూపింది. 2017, 2018 సంవత్సరాల్లో 26 ఆసుపత్రుల నుంచి సేకరించి 2022లో అచ్చువేసిన మరో నివేదికలో అది 8.83. పదేళ్లలో పరిస్థితి దిగజారిందని వెంటనే రాసేయకండి. ఆసుపత్రులు వేరు, లెక్కించినవారు వేరు. మిషిగన్ పథకాన్ని ఇంగ్లండులో అనుసరించినప్పుడు మేరీ డిక్సన్-వుడ్స్ బృందం ఐసీయూల్లో కూర్చుని గమనించి, ఒకే నిర్వచనాన్ని ఒక్కో చోట ఒక్కోలా అర్థం చేసుకుని లెక్కిస్తున్నారని 2012లో రాసింది. రక్త పరీక్ష పంపని చోట ఇన్ఫెక్షన్ దొరకదు, రేటు తక్కువగా కనిపిస్తుంది. తక్కువ అంకె మంచి ఆసుపత్రికి గుర్తు కావచ్చు, చూడని ఆసుపత్రికీ గుర్తు కావచ్చు.

కారణం అనే గడి

ఈ అనుభవం రాయలసీమకు కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువు గురించి చదివారు కదా. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా తన జనాభాలో సుమారు నాలుగో వంతును కోల్పోయింది. ఆ మనుషుల్లో చనిపోయినవారి పేర గ్రామాధికారులు పంపిన పట్టికల్లో కలరా, మశూచి, జ్వరాలు, కడుపు జబ్బులు, గాయాలు, ఇతరములు అనే గడులుండేవి. ఆకలి అనే గడి లేదు. తిండిలేక చిక్కి శల్యమై విరేచనాలతో పోయిన మనిషి కడుపు జబ్బుల గడిలో చేరాడు. మద్రాసు రాజధాని శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ ఈ లెక్కలతో తృప్తిపడలేదు. రోజు కూలిగా ఒక పౌను ధాన్యం చాలన్న రిచర్డ్ టెంపుల్‌తో 1877లో ఆయన గట్టిగా వాదించాడు. 1878లో కొన్ని చోట్ల నమూనా జనగణన జరిగి, నమోదైన మరణాలకూ తగ్గిన జనానికీ మధ్య ఎంత దూరముందో తెలిసింది. అబద్ధం రాయమని గ్రామాధికారికి ఎవరూ చెప్పనక్కరలేదు. పట్టికలో గడి లేకపోతే చాలు.

ఇవాళ్టి పత్రం సంగతేమిటి? 1969 జనన మరణాల నమోదు చట్టం కింద, ఆసుపత్రిలో జరిగిన మరణానికి డాక్టరు నాలుగో నంబరు ఫారంలో కారణం ధ్రువీకరిస్తాడు. మొదటి భాగంలో తక్షణ కారణం, దానికి దారితీసిన కారణాలు ఒకదాని కింద ఒకటి రాస్తారు. రెండో భాగంలో తోడ్పడిన ఇతర పరిస్థితులు ఉంటాయి. పాము కరిచి, మూత్రపిండాలు ఆగి, డయాలసిస్ లైన్ నుంచి ఇన్ఫెక్షన్ సోకి పన్నెండో రోజున చనిపోయిన మనిషిని ఊహించుకోండి. మొదటి వరుసలో సెప్సిస్, కింద మూత్రపిండాల వైఫల్యం, ఆ కింద పాముకాటు అని రాయవచ్చు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. గొట్టం మాత్రం కనిపించదు. 1877 పట్టికకూ దీనికీ ఒక తేడా ఉంది. ఈ ఫారంలో ఖాళీ జాగా ఉంది, డాక్టరు రాయదలిస్తే లైన్ ఇన్ఫెక్షన్ అని రాయవచ్చు. రాస్తే తనను నిందిస్తారేమోనన్న భయం అతనికి ఉంటుంది. ఐసీయూ బయట కూర్చున్న బంధువుల కోపం సంగతి మీకు తెలియనిది కాదు. హానిని ఒప్పుకున్నవాడికి రక్షణ లేని చోట హాని రికార్డుకెక్కదు. మిషిగన్‌లో లెక్క పనిచేసింది ఐసీయూ మొత్తానికి ఒక రేటు కట్టారు కాబట్టి, ఒక మనిషిని పట్టుకుని దోషిగా నిలబెట్టలేదు కాబట్టి.

కర్నూలు వైద్య కళాశాల తర్వాత యాభై ఏళ్లకు, 2006లో కడపలో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ ఏర్పడింది. అంతకుముందు కడప జిల్లా రోగి పెద్ద చికిత్స కావాలంటే కర్నూలుకో, తిరుపతికో, వేలూరుకో పోవాల్సిందే. 2007లో, కడప జిల్లాకే చెందిన వైద్యుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదవాడు ఐసీయూ మెట్లెక్కగలిగాడు. ఐసీయూ మంచాలు పెరిగితే లైన్-రోజులు పెరుగుతాయి, లైన్-రోజులతో పాటు చిక్కులూ పెరుగుతాయి. ఇది పథకం మీద ఫిర్యాదు కాదు. అసలు చికిత్సే అందని కాలంలో చికిత్స వల్ల హాని అనే ప్రశ్న పుట్టదు. ఆరోగ్యశ్రీ కోసం ఆసుపత్రులు తయారుచేసే పత్రాలు చరిత్రకారులకు కొత్త ఆధారం. అయితే బిల్లు కోసం పుట్టిన పత్రం ఏ చికిత్స చేశారో బాగా చెబుతుంది, ఆ చికిత్స ఎక్కడ వికటించిందో చెప్పడం దాని పని కాదు.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు కర్నూలు రాష్ట్రంలో మొదట తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. ఆ ఏడాది చివరి నాటికి అమెరికా ఆసుపత్రుల్లోనే లైన్ ఇన్ఫెక్షన్లు అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు సగం మేర పెరిగాయి. ఏళ్ల తరబడి తగ్గించుకొచ్చిన రేటు, నర్సుకు ఊపిరాడని కొన్ని నెలల్లో ఎదురు తిరిగింది. ఒక నర్సు చూసుకునే మంచాల సంఖ్యే ఈ చరిత్రలో అన్నిటికన్నా బలమైన కారణమని నా అభిప్రాయం. వ్యాసాల్లో కనిపించినంతగా క్లోర్‌హెక్సిడిన్ సీసా ముఖ్యం కాదు.

ప్రాజెక్టు పని కోసం మీలో ఎవరైనా ఆసుపత్రి కేస్ షీట్లు చూడదలిస్తే మూడు వివరాలు వెతకండి. లైన్ వేసిన తేదీ, వేసిన చోటు, తీసిన తేదీ. మొదటిదీ మూడోదీ లేకపోతే లైన్-రోజులు లెక్కకట్టలేరు. రెండోది లేకపోతే పాముకాటు రోగి విషయంలో డాక్టరు ఏ ప్రమాదాన్ని ఎంచుకున్నాడో తెలియదు. మూడూ ఉన్న షీట్లు ఎన్ని, లేనివి ఎన్ని అన్నది కూడా రాసుకోండి, అది విడిగా ఒక ఆధారం. సూపరింటెండెంట్ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే రికార్డు గదికి వెళ్లండి. రోగి పేరు, ఊరు మాత్రం మీ నోటు పుస్తకంలోకి ఎక్కించుకోకండి.